గుర్రం కాదని చెప్పిన హుస్సేనమ్మత్త

జల్‌పల్లిలో మా మనవడు కట్టుకున్న ఇల్లు సందు చివర ఉంటుంది. మొన్న మధ్యాహ్నం అన్నం తిని గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సందు మొదట్లో టుయ్యిం అని ఒక చప్పుడు వినిపించింది. దాని వెనకే ఇంకొకటి. బిగించిన నరాన్ని లాగి వదిలితే వచ్చే చప్పుడు. దూది ఏకడానికి యంత్రాలు వచ్చి ఎన్నో ఏళ్ళయినా, ఈ కొత్త కాలనీల్లో ఇంకా ఒకరిద్దరు భుజాన విల్లు వేసుకుని, పాత పరుపులు బాగుచేస్తామని తిరుగుతున్నారు. ఆ చప్పుడు నాలుగిళ్ళ అవతలికి వచ్చేసరికి నా కళ్ళు మూతలు పడ్డాయి. మా మనవడి భార్య పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, ఏమైంది? బీపీ పడిపోయిందా?" అని నా చెంపలు తట్టింది. "ఏం పడలే. నిద్రొస్తుంది. దూదాయన్ని పిలువు, నా బొంత ఏకించుకోవాలె" అన్నాను. ఎండాకాలంలో బొంత ఎందుకని అడగబోయి ఊరుకుంది. నాతో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు.

ఆ చప్పుడు వింటే నాకు నిద్రొస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. దీనికి కారణం హుస్సేనమ్మత్త. ఆమెను ఇది చదివే మీరెవరూ చూసి ఉండరు. చూసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాననుకుంటాను. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. సైదాబాదులో ఒక టీచరమ్మ తన ఇంటి వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. అప్పటి నుంచీ ఈ మాటలు రాద్దామనుకుంటూ, పాలు పిండుతూ, మనవలను పెంచుతూ ఇంత దూరం వచ్చాను. ఇందులో కొంత నేను చూసింది. కొంత హుస్సేనమ్మత్త పదేపదే చెప్పగా విన్నది. ఆమె చెప్పినదాంట్లో కల్పన ఉండదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

పురానాపూల్ దగ్గర, మూసీ వైపు దిగే గల్లీలో మా బర్రెల కొట్టం ఉండేది. దాని పక్కనే వాళ్ళ దూది కొట్టు. నడుమ ఒక మట్టిగోడ. మా నాయన మల్లయ్య ఇంటింటికీ పాలు పోసేవాడు. పక్కింటి మదార్ మామ దూది ఏకేవాడు, ఆయన భార్య హుస్సేనమ్మత్త పరుపులు, బొంతలు కుట్టేది. వాళ్ళు దూదేకులవాళ్ళు. నమాజు చేస్తారు, రోజా ఉంటారు, మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేది మాత్రం తెలుగు. ఆమెది పాలమూరు దిక్కు ఒక పల్లె. గల్లీలో ఉర్దూ ఇళ్ళవాళ్ళు ఆమె ఉర్దూ విని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మావాళ్ళేమో తురకామె అని కుండలు పక్కకు జరుపుకునేవాళ్ళు. "అటోళ్లకు ఇటుదాన్ని, ఇటోళ్లకు అటుదాన్ని. ఎవ్వలకు కావాల్నో తేల్చుకొని చెప్పుండ్రి, అక్కడికే వస్త" అని ఆమె పళ్ళన్నీ కనబడేలా నవ్వేది. మా అమ్మ ఎల్లమ్మ ఆమెను వదినె అని పిలిచేది. అందుకని నాకు అత్త.

పెళ్ళై పట్నం వచ్చిన కొత్తలో ఆమె చాలాకాలం నోరు తెరవలేదట. అత్తగారి ఇంట్లో అందరిదీ ఉర్దూ, మదార్ మామ కూడా తెలుగు తర్వాత ఆమె దగ్గర నేర్చుకున్నదే. అడిగింది అర్థం కాదు, అడగాలంటే మాట రాదు. ముందు సిగ్గరి అన్నారు, తర్వాత మూగది అన్నారు, చివరికి దీనికి బుర్ర లేదని తేల్చేశారు. "నాకు బుర్ర ఉండె నర్సీ. మాట లేకుండె, గంతే" అని నాతో ఎన్నోసార్లు అంది. "మాట లేనోళ్లను చూసి బుర్ర లేదనుకునుడు మస్తు అల్కటి పని. ఎవలన్న చేస్తరు." ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె నవ్వేది కాదు.

నాకొక అక్క ఉండేది. బాలమణి. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. నేనూ బాలక్కా ఒకే మంచం మీద, ఒకే బొంత కప్పుకుని పడుకునేవాళ్ళం. ఒక ఎండాకాలం మా ఇద్దరికీ అమ్మవారు పోసింది. ఆ రోజుల్లో దాన్ని జబ్బు అనకూడదు. అమ్మ వచ్చింది అనాలి, ఇల్లు ఊడవకూడదు, వేపమండలు కట్టాలి, ఎవరికీ చెప్పకూడదు. మాకు చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాలు పోసే ఇంట్లో అమ్మవారు పోసిందంటే ఆ పాలు ఎవరు తాగుతారు? పట్నం పారిశుద్ధ్యం చూసే బల్దియావాళ్ళు వస్తే బట్టలూ పరుపులూ తగలబెట్టి, కొట్టానికి సున్నం కొట్టి, పాల కుండలు పగలగొట్టి పోతారని మా అమ్మ భయం. అందుకే మా తలుపు మూసి ఉండేది, పాలు మాత్రం యథాప్రకారం వెళ్ళేవి.

నాకు తగ్గింది. ఒక రోజు లేచేసరికి మంచం మీద నా పక్క ఖాళీగా ఉంది. బొంత కూడా లేదు. బాలక్క ఏదని అమ్మను అడిగాను. అమ్మమ్మ ఊరికి పోయింది అంది. నాయనను అడిగాను. జాతర చూడటానికి పోయిందన్నాడు. మా నాయనమ్మను అడిగితే, "అమ్మోరు ఆడుకుందామని తోల్కపోయింది, మళ్ల తోల్కొస్తది" అంది. ఒక్క ఇంట్లో మూడు నోళ్ళు మూడు మాటలు చెప్పాయి. మళ్ళీ అడగలేదు. కొన్నాళ్ళకు అసలు మాట్లాడటమే మానేశాను. నాకు తెలిసిందల్లా ఒకటే. నేను నిద్రపోయాను, అక్క పోయింది. మళ్ళీ నిద్రపోతే ఇంకొకరు పోతారు. కాబట్టి పడుకోకూడదు. కొట్టంలో గుంజకు వీపు ఆనించి, కళ్ళు తెరిచి కూర్చునేదాన్ని. కునుకు పడితే కెవ్వుమని లేచి, అమ్మ ఉందా, నాయన ఉన్నాడా, బర్రెలున్నాయా అని ఒక్కొక్కరినీ ముట్టుకుని చూసుకునేదాన్ని. ఎందుకలా చేస్తున్నానో ఎవరికీ తెలియదు. నేను చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

దయ్యం పట్టిందన్నారు. తాయెత్తు కట్టించారు. వేపమండలతో కొట్టించారు. దర్గాకు తీసుకుపోయి ఊదు పట్టించారు. వానలు పోయి చలి మొదలయ్యేసరికి నా ముఖంలో కళ్ళు తప్ప ఏమీ మిగల్లేదని హుస్సేనమ్మత్త చెప్పేది. ఒక పొద్దున మూసీ ఒడ్డు వెంట నడుచుకుంటూ వెళ్ళిపోతుంటే చాకలివాళ్ళు పట్టుకొచ్చి ఇంట్లో దించారు. నేను జాతర ఎక్కడుందో చూడబోయాను. పిల్ల మూసీలో దూకబోయిందని గల్లీ అంతా చెప్పుకుంది. మా నాయన పాలు పోసే ఇంట్లో ఒక మున్షీ సాబ్ ఉండేవాడు. సర్కారు దవాఖానాలో దిమాగ్ జబ్బులు చూసే డాక్టరు ఒకాయన వచ్చాడు, అక్కడికి తీసుకుపొమ్మని ఆయనే చెప్పాడు. ఆ దవాఖానా పేరు రాయను. ఇప్పుడు ఆ గోడలు కూడా లేవు.

మా నాయన ఉతికిన రుమాలు చుట్టుకుని, నన్ను భుజాన వేసుకుని వెళ్ళాడు. ఆయనకు ఉర్దూ రాదని కాదు. పాలకు సరిపడా వచ్చు. పాలు తాజావి, నీళ్ళు కలపలేదు, రేపు నెయ్యి తెస్తాను, ఇంతే ఆయన ఉర్దూ. అందులో నీళ్ళు కలపలేదన్న మాట అన్నిటికంటే స్పష్టంగా అనేవాడు. ఆ డాక్టరు సాబ్ ఉత్తరాది నుంచి వచ్చినవాడు. నల్ల షేర్వాణీ, తెల్లగడ్డం, పుస్తకంలో రాసినట్టుండే ఉర్దూ. ఆయన ఒక్కొక్కటే అడిగాడు. మా నాయన చేతులు కట్టుకుని ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడు. డాక్టరు సాబ్ రాసుకున్నాడు. చివర్లో ఒక చీటీ ఇచ్చాడు. మందు చీటీ అనుకుని మా నాయన కళ్ళకద్దుకున్నాడు. గేటు దగ్గర చప్రాసీ అది చూసి, బజారు ఉర్దూలో విడమరిచి చెప్పాడు. పిల్లను వచ్చే వారం పాగల్‌ఖానాలో వదలాలి, అన్నం వాళ్ళే పెడతారు, నువ్వు నెలకొకసారి వచ్చి చూసుకోవచ్చు అని.

ఆ సాయంత్రం మా కొట్టంలో పాలు పిండినవాళ్ళు లేరు. బర్రెలు అరుస్తుంటే హుస్సేనమ్మత్త గోడ అవతలి నుంచి వచ్చింది.

"ఏంది లొల్లి? దూడలను ఇడువలేదేంది?"

మా అమ్మ ఏడుస్తూ చెప్పింది. పాగల్‌ఖానాలో పెద్దవాళ్ళను గొలుసులతో కట్టేస్తారని, వాళ్ళ నడుమ నా బిడ్డ ఎట్లా ఉంటుందని గుండెలు బాదుకుంది. హుస్సేనమ్మత్త నా ముఖం చూసింది. నాయన వైపు తిరిగింది.

"తమ్మీ, డాక్టర్ సాబ్ ఏమడిగిండు?"

"మస్తు అడిగిండక్కా. పెద్ద పెద్ద మాటలు. నాకేం సమజ్ గాలె."

"మరి నువ్వేం చెప్పినవ్?"

"జీ హుజూర్ అన్న."

"అన్నిటికా?"

"అన్నిటికి. సర్కారోళ్లు అడిగితే లేదంటరా అక్కా? మా బాపు నేర్పింది గదే. కొత్వాల్ అడిగినా, దేవిడీల దొర అడిగినా, జీ హుజూర్ అని దండం పెట్టి బయటవడాలె."

హుస్సేనమ్మత్త నెత్తి పట్టుకుని పేడ తట్ట మీదే కూలబడింది. "నీ బిడ్డ మనుషులను కొరుకుతదా అని అడిగిండేమో!"

మా నాయన ఆలోచించి, "అప్పుడు గూడ జీ హుజూరే అన్న" అన్నాడు.

తప్పు ఆయన ఒక్కడిదని నేను ఇప్పటికీ అనుకోను. మా వంటివాళ్ళకు బల్ల అవతల కూర్చున్న మనిషి ఎవరైనా ఒక్కటే. అడిగింది ఏమిటన్నది మాకు ముఖ్యం కాదు, అడిగినవాడు సంతోషపడి పంపించేయాలి. పన్ను కట్టేచోట, చావడి దగ్గర, దేవిడీ గుమ్మంలో ఆ పద్ధతి మమ్మల్ని బతికించింది. ఈ ఒక్కచోట చంపబోయింది. ఇక ఆ డాక్టరుకు అవునంటే అవునే. ఆయన ఊళ్ళో మనుషులు కాదనేదానికి కాదనే అంటారు కాబోలు.

మరునాడు హుస్సేనమ్మత్త చాదరు కప్పుకుని మాతో బయలుదేరింది. ఈసారి మా అమ్మ కూడా వచ్చింది. దారిలో మూసీ వంతెన మీద అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వదినె, బాలమణి ముచ్చట మాత్రం తియ్యకు. సర్కారుకు తెలిస్తే మా పాలు ముట్టేటోళ్లుండరు. ఈ పిల్లను గూడ సాకలేను" అంది. హుస్సేనమ్మత్త సరే అనలేదు, కాదనలేదు. నడవమంది.

గదిలోకి వెళ్ళగానే డాక్టరు సాబ్ చిరాకు పడ్డాడు. చీటీ రాసిచ్చాను కదా అన్నాడు. ఈ పిల్ల కొరుకుతుందని, ఇంటికి నిప్పు పెడుతుందని, ఎవరూ లేనిచోట మాట్లాడుతుందని తండ్రే ఒప్పుకున్నాడు కదా అన్నాడు. హుస్సేనమ్మత్త తన వచ్చీరాని ఉర్దూలో, "సాబ్, ఆయన్ని ఇంకొక్కటి అడగండి. ఈ పిల్ల గుర్రమా అని అడగండి" అంది. డాక్టరు సాబ్ కళ్ళద్దాల మీది నుంచి ఆమెను చూశాడు. ఆమె కదలలేదు. ఆయన మా నాయన వైపు తిరిగి, ప్రతి మాటా విడిగా పలుకుతూ అడిగాడు.

"మల్లయ్యా, తుమ్హారీ బేటీ ఘోడా హై?"

"జీ హుజూర్."

చప్రాసీ గోడ వైపు తిరిగిపోయాడు. హుస్సేనమ్మత్త నాయనను తెలుగులో అడిగింది. "తమ్మీ, ఘోడా అంటే ఏందో ఎర్కేనా?"

"ఎర్కే అక్కా. గుర్రం."

"నీ బిడ్డ గుర్రమా?"

"గాదు."

"మరెందుకన్నవ్ రా?"

"అంత పెద్దాయన నోటితోని గుర్రమంటుంటే, మొఖం మీద గాదని ఎట్లంటనక్కా? మంచిగుంటదా?"

ఆమె ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు ఉర్దూలో చెప్పింది. డాక్టరు సాబ్ పెద్దగా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. బల్ల మీది కాగితం వైపు చూస్తూ, నేను ఎంతమందిని ఇట్లా అడిగానో అన్నట్టు ఏదో గొణిగాడు. మా నాయన కోసం కుర్చీ తెప్పించాడు. నాయన కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటి నుంచి డాక్టరు అడిగేది హుస్సేనమ్మత్త తెలుగులో చెప్పడం, అమ్మా నాయనా అన్నది ఆమె ఉర్దూలో చెప్పడం. ఆయన మంచి డాక్టరే. సరైన మాటలే అడిగాడు. ఎప్పటి నుంచి నిద్ర లేదు? పడుకోబెడితే ఏడుస్తుందా, భయపడుతుందా? లేవగానే ఏం చేస్తుంది? అందరినీ ముట్టుకుని చూస్తుందని అమ్మ చెప్పినప్పుడు ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు. తర్వాత ఎవరి ద్వారానూ కాకుండా, నాయననే నేరుగా, తేలిక మాటల్లో అడిగాడు.

"ఘర్ మే కోయీ మర్ గయా?"

ఇంట్లో ఎవరైనా చనిపోయారా అని. ఆ మాత్రం ఉర్దూ మా నాయనకు వచ్చు. ఆయన తల వంచుకున్నాడు. చివరికి అన్నాడు.

"జీ హుజూర్."

డాక్టరు సాబ్ హుస్సేనమ్మత్త వైపు తిరిగి, మెల్లగా, "ఇది కూడా గుర్రమేనా?" అని అడిగాడు.

అవును, ఇది కూడా గుర్రమే అంటే ఆ సంగతి అక్కడితో ముగిసేది. మా పాలు నిలబడేవి. మా అమ్మ ఆమె చాదరు అంచు పట్టుకుని లాగుతోంది. హుస్సేనమ్మత్త ముందు అమ్మ వైపు తిరిగింది. "ఎల్లమ్మా, నేను చెప్తున్న. నీకు తెల్వకుంట చెప్త లేను, నీ ముందలనే చెప్తున్న. ఎనుకట నా ముచ్చట చెప్పెటోళ్లు ఒక్కలు లేక నేనెంత ఏడ్చిన్నో నాకు ఎర్క. నీ పాలు నిలవడ్తయి, ఈ పిల్ల నిలవడదు. తిడ్తవా, ఇంటికి పోయినంక తిట్టు" అంది. తర్వాత డాక్టరుతో, "ఇది గుర్రం కాదు సాబ్. ఇది నిజం" అంది. బాలక్క సంగతి మొత్తం చెప్పింది. అమ్మవారి సంగతి, మూసిన తలుపు సంగతి, నాకు చెప్పిన మూడు మాటల సంగతి. బల్దియావాళ్ళు వస్తారని ఈ తల్లికి భయం అని కూడా చెప్పింది.

డాక్టరు సాబ్ చెయ్యి ఊపాడు. అది జరిగి ఎన్ని నెలలైంది, ఎవరి కుండలూ ఎవరూ పగలగొట్టరు, అది నా పని కాదు అన్నాడు. ఈ పిల్లకు పిచ్చి లేదు అన్నాడు. ఆ మాట హుస్సేనమ్మత్త తెలుగులో చెప్పగానే మా నాయన ఇన్నిసేపూ పట్టుకున్న కుర్చీలో కూలబడ్డాడు. అక్క ఏమైందో పిల్లకు చెప్పండి, నిజం చెప్పండి, నేను చెప్పగలను కానీ నా మాట ఆమెదాకా వెళ్ళదు అన్నాడు డాక్టరు. అమ్మ వల్లా నాయన వల్లా కాలేదు. హుస్సేనమ్మత్త నేల మీద నా ఎదురుగా చతికిలబడి, నా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. ఆ వేళ్ళ సందుల్లో దూది పోగులు ఉన్నాయి.

"నర్సీ, బాలక్క చచ్చిపోయింది బిడ్డా. ఊరికి పోలె. జాతరకు పోలె. అమ్మవారు పోస్తే చచ్చిపోయింది. నువ్వు పండుకున్నవని పోలె. నువ్వు మెల్కతోని ఉన్నా చచ్చిపోవు."

అన్ని నెలల తర్వాత నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఇది.

"మరి నన్నెందుకు లేపలే?"

ఏమంది అని డాక్టరు సాబ్ అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన కిటికీ వైపు తిరిగాడు. మా అమ్మ నా ముందు కూలబడి, "లేపితే నువ్వు ఏడుస్తవని లేపలే బిడ్డా" అంది.

"ఏడుస్తుంటి గద" అన్నాను.

అప్పుడు ఏడ్చాను. నాతోపాటు అమ్మ, నాయన. ఎవరూ ఎవరినీ ఊరుకోబెట్టలేదు. డాక్టరు సాబ్ చప్రాసీని పిలిచి, బయట ఉన్నవాళ్ళను కాసేపు ఆగమని చెప్పి తలుపు దగ్గరికి వేయించాడు.

అక్కడి నుంచి నేరుగా వంతెన అవతలికి, మావాళ్ళు పూడ్చిపెట్టే చోటికి తీసుకుపోయారు. ఒక మట్టి గుట్ట, దాని మీద గడ్డి. నేను ఆ మట్టిని ముట్టుకుని చూశాను. అందరినీ ముట్టుకుని చూసినట్టే. అక్క ఎక్కడుందో తెలిసింది. ఎంత తేలికైందో ఇప్పుడు రాద్దామంటే మాటలు రావడం లేదు. నెత్తి మీది గడ్డిమోపు దించితే మెడ తనంతట తాను లేస్తుందే, అట్లా అయింది.

తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. హుస్సేనమ్మత్త నన్ను మా ఇంటికి పోనివ్వకుండా తన కొట్టులోకి తీసుకుపోయి, అప్పుడే ఏకిన దూది కుప్ప మీద కూర్చోబెట్టింది. దాని మీద నిటారుగా కూర్చోవడం కుదరదు, మనిషి తనే ఒరిగిపోతుంది. నేను ఒరిగాను. మదార్ మామ నన్ను చూసి విల్లు పక్కన పెట్టబోయాడు. హుస్సేనమ్మత్త ఆయన మీద కసిరింది.

"ఆపకు. కొట్టు."

"పిల్ల పండుకుంటుంది గదే!"

"అందుకే కొట్టమంటున్న. సప్పుడైతుంటే మనం మెల్కతోని ఉన్నమని దానికి ఎర్కైతది. నీ సెయ్యి నొస్తే నేను కొడ్త."

టుయ్యిం, టుయ్యిం. ఎవరో ఒకరు మేలుకుని ఉన్నారు. నేను కాపలా కాయనక్కరలేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి మరునాడు పొద్దెక్కింది. మదార్ మామ భుజం వాచింది. మధ్యలో ఆమె కొట్టిందో లేదో ఇద్దరూ ఎప్పటికీ ఒక్క మాట మీద ఉండలేదు.

మా పాలకు ఏమీ కాలేదు. మా అమ్మ మాత్రం హుస్సేనమ్మత్తతో మాట్లాడటం మానేసింది. బిడ్డ దక్కిందన్న సంతోషం ఒక పక్క, ఇంటి గుట్టు విప్పిందన్న మంట ఒక పక్క. సంక్రాంతి పోయింది, హోలీ పోయింది. ఒకనాడు మా బర్రె ఈనింది. అమ్మ జున్ను వండి, ఒక గిన్నె నా చేతికిచ్చి గోడ అవతల ఇచ్చి రమ్మంది. హుస్సేనమ్మత్త మూత తీసి చూసి, మళ్ళీ మూత పెట్టింది. "మీ అమ్మను తెమ్మను. నువ్వు తెస్తే నేను తినను" అంది. నేను గిన్నె వెనక్కి తెచ్చాను. అమ్మ గిన్నె పట్టుకుని గోడ దగ్గరే నిలబడి అరిచింది.

"పెద్ద నవాబు బిడ్డవైనవా? నేనే తేవాల్నా?"

"ఇంటికి పోయినంక తిట్టుమంటి గదా, వచ్చి తిట్టు! నీ తిట్ల కోసమే సూస్తున్న ఇన్ని దినాలు!"

అమ్మ వెళ్ళింది. తిట్టింది కూడా, నేను విన్నాను. తిట్టినంతసేపూ హుస్సేనమ్మత్త జున్ను తింటూనే ఉంది. తర్వాత ఇద్దరూ ఒకే గిన్నెలో తిన్నారు. ఆ రోజుల్లో మా గల్లీలో అది చిన్న సంగతి కాదు.

ఆ తర్వాత డాక్టరు సాబ్ తెలుగు పిల్లలు వస్తే హుస్సేనమ్మత్తకు కబురు పెట్టేవాడు. చప్రాసీ గల్లీలోకి వచ్చి, "ఘోడేవాలీ అమ్మ ఉందా?" అని అరిచేవాడు. ఆమె సూది బొంతకు గుచ్చి లేచేది. మాట మోసే పనిలో ఆమెకు ఒక పట్టుదల ఉండేది. అన్నది చెప్పాలి, అననిది చెప్పకూడదు, తియ్యగా చెయ్యకూడదు. ఒకసారి ఒక తల్లి కోపం పట్టలేక, "ఈ ముసలోని గడ్డానికి అగ్గి తగల" అందట. డాక్టరు సాబ్ ఏమందని అడిగితే, "మీ గడ్డానికి నిప్పంటుకోవాలంటోంది సాబ్" అని చెప్పేసిందట. ఆయన గడ్డం నిమురుకుని, ఎందుకంత కోపమో అడగమన్నాడట. అడిగితే అసలు సంగతి బయటికి వచ్చిందట. "తిట్టును దాస్తే ఏడుపు గూడ దాగిపోతది నర్సీ" అనేది ఆమె.

తర్వాత రాజ్యం మారింది. బల్ల అవతలి మాట కూడా మారింది. ఉర్దూ పోయి ఇంగ్లీషు, తెలుగు వచ్చాయి. అప్పుడు ఉర్దూ ఇళ్ళ తల్లులు పిల్లలను చంకన వేసుకుని, అడిగినదానికల్లా "అచ్ఛా సార్, అచ్ఛా సార్" అంటూ నిలబడటం నా కళ్ళతో చూశాను. హుస్సేనమ్మత్త అప్పటికి పెద్దదైపోయింది, అయినా వాళ్ళ వెంటా వెళ్ళేది. ఇటు నుంచి అటు మోసినదాన్ని అటు నుంచి ఇటు మోసింది. ఆమె కాళ్ళు ఆడనప్పుడు నేను వెళ్ళాను. పాల క్యాన్ ఇంట్లో పెట్టి, దవాఖానా బెంచీ మీద ముక్కూ మొహం తెలియని తల్లుల పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు జల్‌పల్లిలో ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళున్నారు. వాళ్ళ భాషలు నాకు రావు. అయినా డాక్టరు అడిగినదానికల్లా తల ఊపే తల్లిని చూస్తే, "సార్, ఆమెను గుర్రం సంగతి అడగండి" అంటాను. కొత్త డాక్టర్లు నన్ను చూసి ముసలిదానికి మతి పోయిందనుకుంటారు. అనుకోనీ. అడిగి చూసినవాళ్ళు మాత్రం వాళ్ళ మాట తెలిసినవాళ్ళను వెతికించి పిలిపిస్తారు.

ఆమె పోయిన రోజు నేను మా అత్తగారింట్లో ఉన్నాను. చంటిపిల్ల రాత్రంతా ఏడిపిస్తే మధ్యాహ్నం కన్ను మూతపడింది. ఎవరో భుజం పట్టి ఊపారు. లేచి చూస్తే మదార్ మామ. ఆ వయసులో పురానాపూల్ నుంచి నడిచి వచ్చాడు. మా అత్త ఆయన వెనక నిలబడి, బాలింత నిద్రపోతోంది, తర్వాత చెబుదామంటే ఈ ముసలాయన వినడం లేదని చిరాకు పడుతోంది. మదార్ మామ ఆమెను పట్టించుకోలేదు.

"మీ అత్త పోయింది బిడ్డా. పొద్దుగాల నన్ను పిలిచి ఒక్కటే చెప్పింది. నేను పోతే నర్సిని లేపుండ్రి అని."

ఏడ్చాను. కడుపునిండా ఏడ్చాను. కానీ లేచి, వెళ్ళి, ఆమె ముఖం చూసి, ఆ వేళ్ళను ముట్టుకుని ఏడ్చాను. ఆ రాత్రి ఇంటికొచ్చి నిద్రపోయాను కూడా. నా ఇంట్లో ఎవరు పోయినా పిల్లలను లేపుతాను. నా భర్త పోయినప్పుడు మనవలను లేపితే చుట్టాలు నన్ను రాక్షసి అన్నారు. ఆ మనవల్లో ఒకడే ఈ ఇల్లు కట్టాడు. తాత ముఖం గుర్తుందని ఇప్పటికీ అంటాడు.

దూదాయన నా బొంత విప్పి, గుమ్మం ముందు నీడలో ఏకడం మొదలుపెట్టాడు. మా మనవడి కూతురు, అయిదేళ్ళది, గాలిలో ఎగిరే పోగులను పట్టుకుంటూ తిరుగుతోంది. నేను దాన్ని దగ్గరికి పిలిచాను. "నేను పండుకుంట. నువ్వు పండుకున్నప్పుడు నాకేమన్నయితే మీ అమ్మ నిన్ను లేపుతది. లేపకుంటే తర్వాత లొల్లి పెట్టు" అన్నాను. అది చాలా ముఖ్యమైన పని దొరికినట్టు తల ఊపింది. మా మనవడి భార్య వైపు చూశాను. "విన్నవా?" అని అడిగాను.

"విన్న అవ్వా."

"ఊకనే జీ హుజూర్ అంటలేవు గద?"

మనవడి భార్య నవ్వింది. దూదాయన నా నిద్ర చెడుతుందని విల్లు ఆపబోయాడు. ఆపొద్దని చెయ్యి ఊపి, కళ్ళు మూసుకున్నాను.